కళ్ళు మూసుకుని దిగేవాళ్ళ ఊరి నుంచి

నేను ముప్పై నాలుగేళ్ళ వయసుకే రిటైరయ్యాను. శాలువా కప్పలేదు, గోడ గడియారం ఇవ్వలేదు. ఏలూరులో చెవి డాక్టరు గారు నా ఎడం చెవిలోకి లైటు వేసి చూసి, "ఇంక నీళ్ళలో మునగకండి" అన్నారు.

"ఎంత లోతు వరకు పరవాలేదండీ?" అని అడిగాను.

"బకెట్టు వరకు" అన్నారు. అదే నా వీడ్కోలు సభ.

పదకొండేళ్ళు అండమాన్ దీవుల్లో డైవింగ్ నేర్పించే పని చేశాను. వీపుకి గాలి సిలిండరు కట్టుకుని సముద్రం అడుగుకి వెళ్ళడం, రావాలనుకున్నవాళ్ళని తీసుకెళ్ళడం, ఎంతమందిని తీసుకెళ్ళామో అంతమందినీ పైకి తీసుకురావడం. ఉద్యోగం మొత్తం ఆ మూడో ముక్కలోనే ఉంది. మొదటి రెండూ ఎవరైనా చేస్తారు.

ఇప్పుడు తణుకు నుంచి, ఉండి నుంచి, తాడేపల్లిగూడెం నుంచి కుర్రాళ్ళు ఫోన్ చేస్తుంటారు. సగం మంది ఈ పనిలో చేరతామంటారు. తక్కినవాళ్ళు "అన్నయ్యా, డైవింగుకి ఏ దీవి బాగుంటుంది?" అంటారు. చివరికి ఇద్దరికీ ఒకటే జవాబు చెప్తున్నానని ఈమధ్యే గమనించాను. ఒకసారి రాసి పెడితే నా గొంతైనా మిగులుతుంది. ఏ కోర్సు తరవాత ఏ కోర్సు అన్నది నెట్‌లో దొరుకుతుంది. అక్కడ దొరకనిది రాస్తాను.

చేతులతో చూడటం

మాది కొల్లేటికోట. మా అమ్మ తమ్ముడు ముత్యాలు మావయ్య చేపల చెరువుల్లో తూములు చూసే మనిషి. తూమంటే చెరువులోకి నీళ్ళు వచ్చే, పోయే దారి. అక్కడ పలక ఇరుక్కున్నా, వల చిక్కుకున్నా, నాచు పేరుకున్నా ఎవరో ఒకరు ఊపిరి బిగబట్టి దిగి సరిచెయ్యాలి. మా చుట్టుపక్కల చెరువులన్నిటికీ ఆ ఒకరు మావయ్యే. పేరులో ముత్యాలున్నాయి గానీ నలభై ఏళ్ళలో ఆయన చేతికి నత్తగుల్లలు తప్ప ఏమీ తగల్లేదు.

నాకు నీళ్ళలో దిగడం నేర్పింది ఆయనే. మొదటి పాఠం: "కళ్ళు మూసుకో." చెరువు నీళ్ళు చిక్కటి టీ రంగులో ఉంటాయి. తెరిస్తే కనపడేది ఏమీ లేదు, మండటం తప్ప. రెండో పాఠం: "చేతుల్తో చూడు." పలక ఎక్కడ వంగింది, మేకు ఎక్కడ ఊడింది, కాలికి తగిలింది కర్రా, కొర్రమీనా, అన్నీ వేళ్ళే చెప్పాలి.

ఇంత చదువు చదివి నేను అండమాన్ వెళ్ళాను.

అక్కడ నా మొదటి బాసు థామస్. ఎప్పుడో బర్మా నుంచి వచ్చి ఆ దీవుల్లో స్థిరపడిన కరెన్ల ఇంట్లో పుట్టినవాడు. తక్కువ మాట్లాడతాడు. నీళ్ళలో ఎలాగూ మాటలుండవు కాబట్టి బయట కూడా అలవాటు చేసుకున్నాడని మేమనుకునేవాళ్ళం. మొదటి రోజు నన్ను ఆరు మీటర్ల లోతుకి తీసుకెళ్ళాడు. నేను మొహానికి అద్దం పెట్టుకుని, ఆ అద్దం వెనకాల కళ్ళు గట్టిగా మూసుకుని, అడుగంతా తడుముకుంటూ వెళ్ళాను. ఇంత ప్రశాంతంగా దిగిన కొత్తవాణ్ణి చూడలేదని థామస్ తరవాత చెప్పాడు. నిజమే మరి. నిద్రపోయేవాడు కూడా ప్రశాంతంగానే ఉంటాడు.

కాసేపటికి ఎవరో నా అద్దం మీద వేలితో టకటకా కొట్టారు. కళ్ళు తెరిచాను.

ముందు నాకు నీళ్ళు కనపడలేదు. నీళ్ళే లేవనిపించింది. గాలిలో వేలాడుతున్నాను, కింద తెల్లటి ఇసుక మీద నా నీడ పడి ఉంది. నీళ్ళ అడుగున మనిషికి నీడ ఉంటుందని అప్పటిదాకా నాకు తెలీదు. పక్కన గది అంత పగడపు దిబ్బ. దాని మీద చిలకచేప ఒకటి పగడాన్ని కొరుక్కు తింటోంది. ఎవరో పక్క గదిలో అప్పడం నములుతున్నట్టు ఆ చప్పుడు స్పష్టంగా వినపడుతోంది. ఇంతలో పసుపుపచ్చ చేపల గుంపు, వందలో వేలో, నా మొహం దాకా వచ్చి ఒక్కసారిగా పక్కకి తిరిగింది. అన్నీ కలిసి ఒకే ఆలోచన చేసినట్టు తిరిగింది. పుట్టిన దగ్గర్నుంచీ నీళ్ళలోనే ఉన్నాను, నీళ్ళని ఇప్పుడే చూస్తున్నాను అనిపించి నోరు తెరిచాను.

నోట్లో గాలి గొట్టం ఉన్నప్పుడు ఆ పని చెయ్యకూడదు. ఉప్పునీళ్ళు మింగి, దగ్గి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఆ రోజుకి అద్భుతం అక్కడితో ఆగింది.

పైకొచ్చాక థామస్ అడిగిన మాట ఒకటే. "చేత్తో పట్టుకుని వేలాడావే, ఆ దిబ్బ వయసు ఎంతో తెలుసా?" తెలీదన్నాను. "మీ తాత కంటే పెద్దది. మీ తాతని పట్టుకుని అలా వేలాడతావా?" ఆ తరవాత నెల రోజులు హెడ్మాస్టరు ముందు నించున్నట్టు చేతులు కట్టుకునే ఈదాను. నాకు అన్నం పెట్టిన విద్యే అక్కడ మొదటి తప్పు. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు మీ మొదటి తప్పు ఏదవుతుందో తెలుసుకోవాలంటే ఇంట్లో మిమ్మల్ని దేనికి మెచ్చుకునేవారో గుర్తు చేసుకోండి.

సొరచేప గ్యారంటీ

ఏ దీవికి వెళ్ళాలి అనే ప్రశ్నకి వద్దాం. తాడేపల్లిగూడెం నుంచి ఒక ఉల్లిపాయల వ్యాపారి గారు ఇద్దరు బావమరుదులతో వచ్చారు. పడవ ఎక్కుతూనే, "ఏవండీ, సొరచేప గ్యారంటీయేనా?" అన్నారు.

"గ్యారంటీ లేదండీ. మీరొస్తున్నట్టు దానికి తెలీదు."

"అదేంటండీ, పక్క దీవిలో గ్యారంటీ అంటున్నారు."

"అక్కడ ఉద్యోగంలో పెట్టుకున్నారేమోనండీ."

ఆ రోజు నిజంగానే వచ్చింది. మనిషంత పొడవు, వీపు మీది రెక్క చివర తెల్లటి మచ్చ. ఎక్కడా తొందర లేదు. మమ్మల్ని ఒకసారి చూసి, మా గురించి ఏ అభిప్రాయమూ ఏర్పరచుకోకుండా వెళ్ళిపోయింది. పదకొండేళ్ళలో ఎన్నిసార్లు చూశానో, ప్రతిసారీ ఆ కాసేపు నేను మనిషినన్న సంగతి మర్చిపోయాను. వ్యాపారి గారు ఆ కాసేపూ కెమెరా మూత తీస్తూ ఉన్నారు. పైకొచ్చి "రాలేదు కదండీ!" అన్నారు. దాన్ని రెండు చేతుల దూరంలో చూసిన బావమరుదులిద్దరూ మొహమొహాలు చూసుకుని, "రాలేదు బావా" అన్నారు. చెల్లెల్ని ఇచ్చిన ఇల్లు మరి.

కాబట్టి చేప కోసం దీవిని ఎంచుకోకండి. ఆ ఫొటో ఏ నెలలో తీశారో అడగండి. వేసవి ఫొటో చూసి వానాకాలంలో వచ్చినవాళ్ళు చూసేది హోటలు గది పైకప్పే. మొదటిసారి దిగేవాళ్ళయితే లోతు తక్కువా, ప్రవాహం లేదా అని అడగండి. ఆసుపత్రికి ఎంతసేపు పడుతుందో అడగండి. మీరు రెండు పూటలా స్నానం చేసే మంచినీళ్ళు ఎవరి బావిలోంచి వస్తాయో కూడా అడగండి. చాలా దీవుల్లో వేసవికి ఊరి ఆడవాళ్ళు బిందెలతో వరసలో నించుంటారు, పక్కనే హోటల్లో షవరు తిరుగుతూ ఉంటుంది. అక్కడ పనిచేసిన నాకు ఇది రాయడం సుఖంగా లేదు, అయినా రాస్తున్నాను.

థామస్‌కి ఇవన్నీ కలిపి ఒకటే నియమం. కొత్త చోట దిగాలంటే ముందు ఒక పూట ఒడ్డున కూర్చోవాలి. కెమెరా ఉండకూడదు. ఎవరైనా టీ ఇస్తే తాగాలి. "సముద్రానికి గుమ్మాలుంటాయి. ఏ గుమ్మం ఎవరి ఇంటి ముందుందో చూసి దిగు" అనేవాడు. ఈ మాటని నేను పదేళ్ళపాటు కస్టమర్లకి చాలా గంభీరంగా అప్పజెప్పాను. పాటించానా అన్నది తరవాత చెప్తాను.

అలాగేనండీ

చెవి ఎలా పోయిందని అందరూ అడుగుతారు. తుఫాను, సుడిగుండం లాంటిది ఆశిస్తారు. జలుబు.

థామస్ పని మానేసి తన ఊరు వెళ్ళిపోయాక నేనొక పెద్ద సెంటర్లో చేరాను. జలుబు చేసినప్పుడు డైవింగ్ చెయ్యకూడదని నేనే పాఠం చెప్తాను. ముక్కు మూసుకుపోతే చెవి లోపలి ఒత్తిడి సరిపడదు. ఆ రోజు మేనేజరు వచ్చి, "గ్రూపు వచ్చేసింది, ఈ ఒక్క పూటకీ సర్దుకోండి" అన్నాడు. గోదావరి నీళ్ళు తాగినవాడికి "కుదరదు" అనే మాట నోట్లో తిరగదు. "అలాగేనండీ" అన్నాను. పన్నెండు మీటర్ల దగ్గర చెవిలో పాల ప్యాకెట్టు చిట్లినట్టయింది. అప్పటి నుంచీ ఎడం చెవిలో, చేపల చెరువులో గాలి కోసం నీళ్ళు చిలికే ఏరియేటరు తిరుగుతూనే ఉంది.

మేనేజరుని తిడదామని చాలాసార్లు కూర్చున్నాను. నిజానికి అతను అడిగాడు, నేను ఒప్పుకున్నాను. చేరబోయేవాళ్ళు ఈతకంటే ముందు అద్దం ముందు నించుని "కుదరదండీ" అనడం నేర్చుకోండి. అండీ ఉంచుకోవచ్చు, ఇబ్బంది లేదు.

చివరి కస్టమరు

నేను ఇంటికొచ్చిన ఏడాదే మావయ్యని ఏలూరు కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. నీటికాసులు అన్నారు. కంట్లో ఒత్తిడి పెరిగి చూపు నరం దెబ్బతినే జబ్బట. మా వంశాన్ని నీళ్ళు ఏదో రకంగా పట్టుకుంటాయి. కుడి కన్ను దాదాపు పోయింది, ఎడమది అదే దారిలో ఉంది, చుక్కల మందు వేస్తే కాస్త నెమ్మదిస్తుంది, పోయిన చూపు మాత్రం తిరిగి రాదు అన్నారు.

మావయ్య బయటికొచ్చి టీ తాగాడు. గ్లాసు కింద పెట్టి అన్నాడు. "నలభై ఏళ్ళు నీళ్ళలో ఉన్నాను. లోపలెలా ఉంటుందో చూళ్ళేదురా. నువ్వు ఏదో చూశానంటావుగా."

"ఏముంది మావయ్యా, చేపలే."

"చేపల్ని పట్టుకోవడం నాకూ తెలుసు. చూడ్డం తెలీదు. ఓసారి చూపించు."

మళ్ళీ లోపలికెళ్ళి డాక్టరు గారిని అడిగాను. లోతుకి వద్దు, తలకిందులుగా అసలు వద్దు, అద్దం బిగించకుండా నీటి మీద బోర్లా పడుకుని చూస్తే పరవాలేదు అన్నారు. వచ్చే ఏడాదికి ఎంత చూపు ఉంటుందో చెప్పలేనన్నారు. అంటే ఒకే ఒక్క అవకాశం. పదకొండేళ్ళలో ఎంతోమందికి దీవిని ఎంచి పెట్టాను. ఎంచాక మళ్ళీ మళ్ళీ సరిచూసుకోవడం ఇదే మొదటిసారి.

మొల లోతులోనే పగడం మొదలయ్యే చోటు, ప్రవాహం లేని చోటు, నాకు తెలిసినంతలో ఒక్కటే ఉంది. చిన్న దీవి, దానికో చిన్న వంపు తీరం. పేరు రాయను. రాస్తే ఉల్లిపాయల వ్యాపారి గారు వస్తారు. ఒడ్డున ఇరవై ముప్పై ఇళ్ళు, అందరూ తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళిన తెలుగు జాలర్లు. గాలి చూశాను, పోటు చూశాను, నీళ్ళు అద్దంలా ఉండే నాలుగు రోజులు లెక్కగట్టాను. విమానం దిగిన ఊరి పేరు ఈమధ్యే మారిందని మావయ్యకి చెప్తే, "నాకు రెండూ కొత్తేలే" అన్నాడు. అక్కడి నుంచి పడవలో దీవికి చేరాం.

తీరంలో పడవలన్నీ ఒడ్డుకి లాగి బోర్లించి ఉన్నాయి. నీళ్ళు నేను లెక్కగట్టినట్టే అద్దంలా ఉన్నాయి. అందులో ఒక్క పిల్లాడు కూడా లేడు. మొదటి ఇంటి ముందు వల చిక్కులు తీస్తున్న నూకాలమ్మ అనే పెద్దావిడ మా చేతుల్లో అద్దాలు చూసి అడ్డంగా తలూపింది.

"ఈ నీట్లో దిగకూడదు బాబూ. మా మరిది పోనాడు. పెద్దకర్మ అయ్యీదాకా ఈ రేవులో ఎవులూ కాలెట్టరు."

"పెద్దకర్మ ఎప్పుడమ్మా?"

"ఆదోరం."

మా తిరుగు పడవ ఆదివారం మధ్యాహ్నం.

ఆ తీరంలో నేను పదేళ్ళు డైవింగ్ చేయించాను. ప్రతిసారీ సముద్రం వైపు నుంచి పడవలో వచ్చి, దూరంగా లంగరు వేసి, దిగి, చూసి వెళ్ళిపోయేవాణ్ణి. ఆ ఇసుక మీద కాలు పెట్టడం ఇదే మొదటిసారి. ఇక్కడెవరైనా పోతే రేవు మూస్తారని నాకు తెలీదు. ఒక్క ఫోను చేస్తే తెలిసేది. చెయ్యడానికి ఆ ఊళ్ళో ఒక్కరి నంబరూ నా దగ్గర లేదు. థామస్ నియమం మీద ఉపన్యాసాలిచ్చిన మనిషిని నేనే.

పక్క తీరంలో ప్రవాహం జోరు, పగడం లోతు. మావయ్య వల్ల కాదు. మర్నాడు ఆయన్ని పక్కకి పిలిచి మెల్లగా అన్నాను. "ఆ చివర రాళ్ళ వెనక ఎవరికీ కనపడదు మావయ్యా. అరగంట చాలు."

మావయ్య నా వైపు తిరిగాడు. కనపడే కన్ను నా మీద ఉండేలా తల సర్దుకున్నాడు.

"మనూళ్ళో చెరువులో మనిషి పోతే, మూడోనాడు ఎవడో టౌను నించొచ్చి అందులో ఈతకొడితే ఊరుకుంటావా?"

"ఊరుకోను."

"మరి నువ్వెక్కణ్ణించి వచ్చావురా?"

సంచిలోంచి తీసిన అద్దాలు మళ్ళీ సంచిలో పెట్టేశాను.

ఆ నాలుగు రోజులూ మావయ్య వాళ్ళతో కూర్చుని వలలు కుట్టాడు. ఆ పనికి ఆయనకి కళ్ళు అక్కర్లేదు. వేళ్ళు చాలు. ఎదురుగా అద్దంలాంటి నీళ్ళు. నేను రోజూ వాటిని చూసి పళ్ళు నూరుకునేవాణ్ణి.

"కొల్లేరంటే సంద్రమేనేటి బాబూ?" అని నూకాలమ్మ అడిగింది.

"కాదమ్మా, మంచినీళ్ళు. వేసవికి మోకాలి లోతు."

"మోకాలి లోతుకి మునగడమేటి?"

"మునిగేది చెరువుల్లోనమ్మా, తూముల దగ్గర. రెండు నిలువులుంటాయి."

"ఏటి కనపడతాది?"

"ఏమీ కనపడదమ్మా."

"మరి నలభయ్యేళ్ళు ఏటి సేసినావు బాబూ నీట్లో?" అందావిడ. చావు జరిగిన ఇంట్లో అందరూ నవ్వారు. మావయ్య అందరికంటే ఎక్కువ నవ్వాడు.

ఆదివారం పొద్దున్నే కర్మ అయింది. ఊరంతా ఒకేసారి సముద్ర స్నానానికి దిగారు. వందమంది కాళ్ళ కింద ఇసుక లేచి నీళ్ళు పాలవిరుగుడులా అయ్యాయి. గాలి కూడా తిరిగింది. నా లెక్కలో అది కస్టమరుకి క్షమాపణ చెప్పి గదికి పంపాల్సిన రోజు. నూకాలమ్మ తడిబట్టలతో గట్టు మీంచి కేకేసింది. "ఓ కొల్లేరు బాబూ! ఇంక దిగు! ఇంకేటి పరవానేదు!"

నేను ఛాతీ లోతులో నించుని, చెవి తడవకుండా మెడ చాచుకుని, మావయ్య నడుం పట్టుకున్నాను. చిన్నప్పుడు ఆయన నన్ను పట్టుకున్నది కూడా అక్కడే. ఆయన నీటి మీద బోర్లా పడుకున్నాడు. చేతులు ముందుకి చాపి నీళ్ళని తడుముతున్నాడు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. ఏమీ జరగలేదు. అనుమానం వచ్చి వంగి పక్క నుంచి అద్దంలోకి చూశాను. కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

అద్దం మీద వేలితో టకటకా కొట్టాను.

గొట్టంలో ఊపిరి చప్పుడు ఆగిపోయింది. నాకు భయం వేసింది. మళ్ళీ మొదలైంది, మెల్లగా. చాచిన చేతులు వెనక్కి వచ్చాయి. నడుం మీద ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఏదీ ముట్టుకోకూడదన్న నియమం ఆయనకి చెప్పడం నేను మర్చిపోయాను. ఎవరూ చెప్పకుండానే ఆయన చేతులు కట్టుకున్నాడు. ఆ నీళ్ళలో పది పన్నెండు అడుగుల దూరం కంటే కనపడదు. జానెడు కూడా చూడనివాడికి అది ఎంతో నేను లెక్కగట్టలేను. గంటసేపు ఆ మనిషి కదల్లేదు. నా చేతులు మాత్రం పడిపోయాయి.

ఒడ్డుకొచ్చి ఇసుకలో కూలబడ్డాడు. అద్దం తీసి ఒళ్ళో పెట్టుకుని అన్నాడు. "ఇన్నాళ్ళూ వాటి మొహం చూడకుండానే పట్టి పంపించేశామన్నమాట."

నూకాలమ్మ తువ్వాలు ఇస్తూ, "ఏటి కనబడింది బాబూ?" అంది.

"పసుపుపచ్చగా ఒకటొచ్చిందమ్మా. నన్ను చూసింది."

"సూడదేటి, కొత్తోడివి కదా" అందావిడ.

తడిబట్టలతోనే పరిగెత్తి పడవ పట్టుకున్నాం.

మళ్ళీ తూము దగ్గర

ఇప్పుడు మావయ్య ఎడమ కంటికి వెలుగూ నీడా మాత్రమే తెలుస్తాయి. తూము పని మానలేదు. ఆ పనికి కళ్ళతో ఎప్పుడూ పనిలేదు. డాక్టరు గారు వద్దన్నది లోతు, తలకిందులు. తను కాళ్ళ మీద దిగుతున్నాడట, రెండు నిలువులు లోతు కిందికి రాదట. ఈ వాదన ఆయనదే, నాది కాదు. ఆయన నడుముకి తాడు కట్టి, రెండో కొస పట్టుకుని నేను గట్టు మీద కూర్చుంటాను. పదకొండేళ్ళ అనుభవానికి దొరికిన ఉద్యోగం అది. దిగినవాణ్ణి పైకి తీసుకురావడమే కాబట్టి పాత ఉద్యోగమే అనుకోవచ్చు.

మొన్న పలక సరిచేసి పైకొచ్చాడు. మొహం మీది బురదనీళ్ళు తుడుచుకుని, గట్టు పట్టుకుని ఊపిరి తీసుకుంటూ అన్నాడు.

"ఇవాళ తూములో పసుపుపచ్చది ఒకటి తగిలిందిరా."

ఆ చెరువులో ఉన్నవి బొచ్చెలు, శీలావతులు. పసుపుపచ్చవి లేవని నాకు తెలుసు. నాకంటే ఆయనకి బాగా తెలుసు. నాలుక చివర ఒక మాట తయారుగా కూర్చుంది. దాన్ని మింగేశాను.

"ఎంతుంది మావయ్యా?" అని అడిగాను.

గట్టు వదిలి, రెండు చేతులూ చాపి కొలత చూపించాడు. ఒక క్షణం ఆలోచించి, ఇంకాస్త చాపాడు.